పేదింటికి సర్కారు సొమ్ము, తుఫానుకు నిలిచే గోడ: తరచుగా అడిగే ప్రశ్నలు

మంజూరు కాగితం చేతికొచ్చిన రోజు అందరూ అడిగేది ఒకటే: బిల్లు, అంటే ఇంటికిచ్చే సర్కారు సొమ్ము, ఎప్పుడు పడుతుంది? రెండో ప్రశ్న తుఫాను వచ్చి వెళ్లాక అడుగుతారు: మా గోడే ఎందుకు పడింది, పక్కింటి వాళ్లది ఎందుకు పడలేదు? ఈ రెండింటికీ జవాబు చాలావరకు పునాది దగ్గరే ఉంటుంది. అందుకే ఇక్కడ పథకాల లెక్కలూ మేస్త్రి పనీ విడదీయకుండా కలిపి రాశాం. ఆంధ్రప్రదేశ్ తీరం ఊళ్ల వాళ్లు, కృష్ణా, మున్నేరు, బుడమేరు పక్కన ఉండేవాళ్లు ఎక్కువగా అడిగినవే ఇవి.

ప్రభుత్వం ఇల్లు కట్టి ఇస్తుందా, డబ్బు ఇస్తుందా?

రెండూ ఉన్నాయి. సొంత జాగా ఉన్నవాళ్లకు డబ్బు ఇస్తారు, కట్టుకోవాల్సింది మీరే. జాగా లేని పట్టణ పేదలకు అపార్టుమెంట్లు కట్టి కేటాయిస్తారు. ఆంధ్రలో టిడ్కో (పట్టణాల్లో ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు కొలతల్లో కట్టారు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు లేచాయి.

జాగా ఉంటే సొంతంగా కట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. ఫ్లాటు చేతికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. వచ్చాక కూడా నీళ్ల మోటారు, లిఫ్టు, డ్రైనేజీ ఎవరు చూసుకోవాలన్న తగువు మిగిలే ఉంటుంది.

మొత్తం ఎంత వస్తుంది?

గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాలు, కష్టతరమని గుర్తించిన ప్రాంతాల్లో 1.30 లక్షలు. మన రాష్ట్రాల్లో ఇందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మరుగుదొడ్డికి స్వచ్ఛభారత్ నుంచి 12,000 విడిగా వస్తుంది. ఈ పథకం నిబంధనల్లో మీ ఇంటి పనికి మీరే కూలీగా 90 ఉపాధి పనిదినాలు రాయించుకునే వీలు ఉంది. దీన్ని చాలామంది వదిలేసుకుంటారు. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) ఎప్పుడు వేస్తారో పునాది తవ్వకముందే ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును అడిగి పెట్టుకోండి.

పట్టణాల్లో 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద సొంత జాగాలో కట్టుకుంటే 2.50 లక్షలు: కేంద్రం లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష.

తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు 5 లక్షలు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టి, నియోజకవర్గానికి 3,500 ఇళ్ల చొప్పున ప్రకటించారు.

జగ్గయ్యపేటలో ఉన్న అక్క, కోదాడలో ఉన్న చెల్లి పక్కపక్కనే కూర్చుని లెక్క వేసుకుంటే గొడవే. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఒక్కటే ఉంది, సాయంలో మాత్రం అంత తేడా. కేంద్రం ఇచ్చేదాని మీద ఏ రాష్ట్రం ఎంత కలుపుకుంటుందనేది ఆ రాష్ట్రం ఇష్టం. ఆంధ్రలో సగంలో ఆగిన ఇళ్ల కోసం 2025 మార్చిలో అదనపు సాయం ప్రకటించారు: ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. మీ ఇల్లు లింటెల్ (తలుపు, కిటికీల పైన పోసే కాంక్రీటు) దగ్గరో స్లాబ్ దగ్గరో ఆగి ఉంటే ఆ జాబితాలో పేరుందో లేదో గ్రామ, వార్డు సచివాలయంలో చూపించమనండి.

మాది పల్లెటూరే, కానీ పట్టణ పథకం అంటున్నారు. పొరపాటా?

కాకపోవచ్చు. ఆంధ్రలో చాలా పల్లెలు ఏదో ఒక పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్నాయి. చుట్టూ వరి చేలే ఉన్నా కాగితం మీద ఊరు పట్టణ లెక్కలోకి పోతుంది. నష్టమేమీ లేదు, పైగా కేంద్రం వాటా ఎక్కువ.

ఫ్రిజ్ ఉంటే రాదా? బండి ఉంటే? పడవ ఉంటే?

ఇప్పుడు వస్తుంది. గ్రామీణ పథకంలో ఇంతకు ముందు 13 అనర్హతలు ఉండేవి. 2024లో 2 కోట్ల కొత్త ఇళ్లకు ఆమోదం ఇచ్చినప్పుడు వాటిని 10కి తగ్గించారు. ద్విచక్ర వాహనం, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోను, చేపల పడవ జాబితాలోంచి తీసేశారు. పడవ ఉందని మత్స్యకారుడిని ధనవంతుడిగా లెక్కగట్టడం ఎంత అన్యాయమో ఆ పడవ మీద అప్పు కట్టేవాడికే తెలుసు. ఆలస్యంగానైనా తీసేశారు.

ఇంకా మిగిలినవి: మూడు, నాలుగు చక్రాల మోటారు బండి, అదే రకం వ్యవసాయ యంత్రం, 50,000 లేదా అంతకు మించి పరిమితి ఉన్న కిసాన్ క్రెడిట్ కార్డు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, రిజిస్టరైన వ్యాపారం, నెలకు 15,000కు మించి సంపాదించే మనిషి, ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, రెండున్నర ఎకరాల మాగాణి, ఐదెకరాల మెట్ట. వీటిలో ఎక్కువమందికి తగిలేది ఆటో. కిస్తీల మీద కొన్న ఆటో ఒక్కటే జీవనాధారమైనా నిబంధన నిబంధనే. ఈ ఒక్కటి కూడా సడలించి ఉంటే బాగుండేది.

పట్టణ 2.0 పద్ధతి వేరు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు. ఈ 20 ఏళ్ల మాట దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో మంజూరై, పునాది దాకా వచ్చి ఆగిపోయిన ఇల్లు ఇప్పటికీ మీ పేరు మీద కనిపిస్తుండవచ్చు. పేరు రద్దు చేయించుకోవాలంటే ఆ స్థలంలో ఇప్పుడేముందో ఫొటోలతో అర్జీ ఇవ్వాలి. నోటితో చెబితే పని జరగదు.

స్థలం మా మామయ్య పేరు మీద ఉంది. పట్టా లేకుండా ఇల్లు వస్తుందా?

రాదు. పట్టా గానీ, దాని బదులు చెల్లే కాగితం గానీ ఉండాలి. అసలు ఆలస్యమంతా ఇక్కడే. వారసత్వ స్థలమైతే భాగపంపకం గానీ దానపత్రం గానీ ముందు రిజిస్టరు చేయించుకోండి. బతికున్న పెద్దాయన సంతకానికి పట్టే టైము ఒక పూట. ఆయన పోయాక నలుగురు వారసుల సంతకాలకు పట్టేది రెండేళ్లు. పాత కాలం గ్రామకంఠం (ఊరి నివాస భూమి) స్థలాలకు పట్టా ఉండదు కాబట్టి ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు పెట్టి పొసెషన్ సర్టిఫికెట్ (స్థలం మీ స్వాధీనంలో ఉందనే పత్రం) కోసం తహసీల్దారు దగ్గరికి వెళ్లాలి. తెలంగాణలో 125 గజాల లోపు ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించడానికి 2014లో జీవో 58 తెచ్చారు. అప్పట్లో దరఖాస్తు చేసిన కాగితం ఉంటే జాగ్రత్తగా దాచండి.

చెరువు శిఖం (చెరువు ముంపు భూమి), వాగు పోరంబోకు మీద ఏ కాగితమూ నిలవదు. ఎవరో తీసిచ్చారని నమ్మి ఇల్లు మొదలుపెట్టకండి.

మంజూరు ఇంటి ఆడవాళ్ల పేరు మీద గానీ, భార్యాభర్తలిద్దరి పేరు మీద గానీ రాయించుకోండి. పథకాలు కోరేదీ అదే.

బిల్లు ఎప్పుడు పడుతుంది?

మన రాష్ట్రాల్లో పని అయ్యాకే. ముందు కాదు. ఇది ఒక్కటి మనసుకు ఎక్కించుకుంటే సగం అప్పులు తప్పుతాయి.

ప్రభుత్వం మీ చేతికి డబ్బిచ్చి ఇల్లు కట్టుకోమనదు. మీరు ఒక దశ పూర్తి చేశాక, ఇంజినీరింగ్ అసిస్టెంటో ఏఈనో (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి ఫొటో తీసి, ఆ ఫొటో ఏ చోట తీశారో ఫోనే నమోదు చేశాక, ఆ దశకు బిల్లు పెడతారు. ఆంధ్రలో బేస్‌మెంట్ కింద, బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, స్లాబ్ అంటూ దశలు లెక్కిస్తారు. హౌసింగ్ వాళ్లు బీబీఎల్, బీఎల్, ఆర్‌ఎల్, ఆర్‌సీ అని పొడి అక్షరాల్లో మాట్లాడితే అవే ఇవి. తెలంగాణలో నాలుగు దశలు: బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, ఇల్లు పూర్తి. బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష పడుతుంది.

అంటే బేస్‌మెంట్ దాకా ఖర్చంతా మీ జేబులోంచే. ఆ మొదటి సొమ్ము సమకూర్చుకోకుండా పాత ఇల్లు పీకేయకండి. ఇది మరీ మరీ చెబుతున్నాం. ఉన్న పాక పీకేసి, పునాదికి డబ్బు చాలక, ఊరి చివర రేకుల షెడ్డులో రెండు వానాకాలాలు గడిపినవాళ్లను చూశాం. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి అప్పు చవక. గ్రామీణ పథకం లబ్ధిదారులకు 70,000 వరకు బ్యాంకు అప్పు ఇప్పించాలని మార్గదర్శకాల్లోనే ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే, వచ్చే బిల్లులన్నీ వడ్డీకే చాలవు.

ఆధార్‌తో జోడించిన ఖాతా ఏదో ముందే చూసుకోండి. ఎప్పుడో వంట గ్యాసు రాయితీ కోసం తెరిచిన పాత ఖాతాలోకి బిల్లు పడి, ఇంటావిడకు నెలల తర్వాత తెలిసిన సందర్భాలున్నాయి.

ఎంత ఇల్లు కట్టుకోవాలి? మేస్త్రి పైకి కూడా వేద్దాం, పిల్లర్లు లేపుదాం అంటున్నాడు.

మేస్త్రి అంటాడు. ఇంటి చుట్టూ చేరిన ప్రతివాడూ అంటాడు. మీరు అనకండి.

గ్రామీణ పథకంలో కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు, వంటగదితో కలిపి. ఇందిరమ్మ ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి, 600 దాటితే బిల్లు ఆగుతుంది. ఆంధ్రలో 2019-24 మధ్య ఉన్న ప్రభుత్వం ఇచ్చిన పట్టాల్లో పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48.4 గజాలు. అందులో పిల్లర్లు లేపి పైన ఇంకో అంతస్తు ఊహించుకుంటే, ఉన్న ఇనుమంతా పిల్లర్లలోకే పోయి గోడల దగ్గర చేతులెత్తేయాలి. మన ఊళ్లలో మొండి పిల్లర్ల మీద తుప్పు పట్టిన చువ్వలతో నిలిచిన ఇళ్లన్నీ ఇలా మొదలైనవే. చిన్న ఇల్లు పూర్తిగా కట్టండి. డబ్బుంటే వరండా తర్వాత వేసుకోవచ్చు.

ఇసుక సంగతి: ఉచితం అంటే ఇసుక ఉచితం, ట్రాక్టరు కాదు. తోలకం ఖర్చు ముందే మాట్లాడుకోండి. పని సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి, రోహిణి కార్తెలోపు స్లాబ్ పడేలా చూసుకోండి. మూఢం, ఆషాఢం, శూన్యమాసం అంటూ శంకుస్థాపన వాయిదా వేసుకుంటూ పోతే స్లాబ్ సరిగ్గా అక్టోబరు వాయుగుండం కిందకి వస్తుంది.

తుఫానుకు తట్టుకునే ఇల్లంటే ఖర్చు బాగా పెరుగుతుందా?

కట్టేటప్పుడు చేస్తే పెద్దగా పెరగదు. కట్టాక చేయాలంటే పెరుగుతుంది, చాలా పనులు అసలు కుదరవు.

గాలి ఇంటిని నెట్టి పడేస్తుందనుకుంటాం. నిజానికి ఎక్కువ నష్టం పైకప్పును పైకి లాగడం వల్ల. గాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు కప్పు పైన పీడనం తగ్గుతుంది. అదే సమయంలో తెరుచుకున్న కిటికీలోంచి లోపలికి దూరిన గాలి కిందినుంచి కప్పును తోస్తుంది. పైనుంచి లాగుడు, కిందినుంచి తోపు. రేకు లేచిపోయిందంటే దాన్ని ఆనుకున్న గోడకు ఆసరా పోయినట్టే. తర్వాత అది పడుతుంది. అందుకే తలుపులు, కిటికీలు గట్టిగా మూసుకునేలా ఉండటం కూడా ఇంటి బలంలో భాగమే.

దేశంలో ఇళ్ల డిజైనుకు వాడే గాలి లెక్కల్లో విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఆ స్థాయి గాలి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. చిన్న ఇళ్లు తుఫానుకు నిలవడానికి ఏం చేయాలో చెప్పే భారత ప్రమాణం 15498 అని 2004లోనే వచ్చింది. మండల కార్యాలయాల్లో దాన్ని అడిగేవాళ్లే కనబడరు. దానిలో, అలాంటి పుస్తకాల్లో ఉన్న సారాన్ని మన మేస్త్రి భాషలో చెబితే ఇది:

గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ. ప్లింత్ (అరుగు మట్టం) దగ్గర ఒకటి, లింటెల్ దగ్గర ఒకటి, కప్పు కింద ఒకటి. మామూలుగా మన మేస్త్రులు కిటికీ మీద ఉన్నంత మేరకే లింటెల్ ముక్క పోసి ఊరుకుంటారు. దాన్ని ఇల్లు మొత్తం చుట్టి రానివ్వండి. నాలుగు గోడలనూ ఒక్క మొలతాడు కట్టినట్టు పట్టి ఉంచుతుంది. మూలల్లో నిలువు చువ్వ పునాదిలోంచి పై పట్టీ దాకా తెగకుండా పోవాలి. ఈ రెండూ చేస్తే మిగిలిన తప్పులను ఇల్లు చాలావరకు తట్టుకుంటుంది.

రేకుల కప్పయితే జె ఆకారపు హుక్కులు ప్రతి పట్టె (రేకును మోసే దూలం) దగ్గరా వేయాలి. పట్టెలను గోడపై పట్టీలోకి ఇనుప కడ్డీతో బిగించాలి. చూరు పొడుగ్గా బయటికి తేవద్దు, గాలికి అదే పిడి అవుతుంది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు నయం. ఈ మాట కొత్తది కాదు. ఉత్తరాంధ్ర తీరంలో మన పాత చుట్టిళ్లు గుండ్రంగా, చూరు దాదాపు నేలకు తగిలేంత కిందికి ఎందుకు ఉండేవో, గాలి వాటిని పట్టుకోలేక ఎందుకు జారిపోయేదో తాతలకు తెలుసు. మట్టి గోడలు వరదకు నిలవవు కాబట్టి ఆ ఇళ్లను మళ్లీ కట్టమనడం లేదు. ఆ ఆకారంలోని తెలివి మాత్రం తీసుకోవచ్చు.

సముద్రం దగ్గరి వాళ్లకు ఇంకో మాట. బీచి ఇసుకతో, ఉప్పునీటితో కాంక్రీటు కలపవద్దు. కొన్నేళ్లలో చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, స్లాబ్ కింద పెచ్చులు ఊడతాయి. చువ్వకూ సెంట్రింగుకూ (కాంక్రీటు పోయడానికి కింద పరిచే పలకలు) మధ్య సరైన ఎత్తున కవర్ దిమ్మెలు పెట్టించండి. రెండు వారాలు స్లాబ్ మీద నీళ్లు నిలబెట్టండి. ఈ ఆఖరి పనికి సిమెంటు అక్కర్లేదు, ఓపిక చాలు. అయినా అందరూ తగ్గించేది దాన్నే.

ఇల్లు ఎంత ఎత్తులో ఉండాలి?

ఊళ్లో అందరికంటే పెద్దవయసు మనిషిని అడగండి. ఆయన చూపించే గుర్తు కంటే కనీసం రెండడుగులు ఎత్తు వేసుకోండి. ఇది ప్రభుత్వ నిబంధన కాదు, మేం చెప్పే లెక్క. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారు. నాగాయలంక చుట్టుపక్కల ఇప్పటికీ తాటిచెట్టంత అల అనే చెప్పుకుంటారు. అంతటి నీటికి ఎవరి అరుగూ ఆగదు, అప్పుడు తుఫాను షెల్టరే శరణ్యం. కానీ 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు తెచ్చిన నీళ్ల లాంటివి వేరు. అక్కడ అడుగు ఎత్తు తేడాతో ఒక ఇంట్లో బియ్యం బస్తా మిగిలింది, పక్కింట్లో మంచాలు తేలాయి.

లేఅవుటు కాలనీ అయితే మీ ఒక్క ఇంటి ఎత్తు సరిపోదు. రోడ్లు, కాలువలు ముందు వేసి తర్వాత ఇళ్లు కట్టాలి. మన దగ్గర తరచూ తిరగబడి జరుగుతుంది: ఇళ్లు కట్టాక రోడ్డు వేస్తారు, ఆ రోడ్డు అరుగు కంటే ఎత్తుగా వస్తుంది, వాననీరు గుమ్మంలోకి దారి తీసుకుంటుంది. స్థలం చూపించేటప్పుడే రోడ్డు ఫైనల్ లెవెల్ ఎంతో కాగితం మీద అడగండి.

నల్లరేగడి నేలల్లో ఇంకో తంటా. ఎండాకాలం పగుళ్లిచ్చి, వానాకాలం ఉబ్బుతుంది. అక్కడ పునాది ఏఈ చెప్పిన లోతుకు పోవాల్సిందే, నల్లమట్టి బదులు మొరం, ఇసుక నింపాల్సిందే.

తుఫానులో, వరదలో ఇల్లు దెబ్బతింటే ఎంత ఇస్తారు?

రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఇస్తారు. మన రాష్ట్రాల్లో దీనిలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. 2022 నుంచి 2026 వరకు ఖరారు చేసిన రేట్లలో, పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్న ఇంటికి మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు. గుడిసెకు 8,000. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. పశువుల కొట్టానికి 3,000. బట్టలకు 2,500, గిన్నెలకు 2,500.

1.20 లక్షలకూ 6,500కూ మధ్య ఏమీ లేదు. మొత్తం వ్యవహారం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది: తీవ్రంగానా, పాక్షికంగానా? రెండు గోడలు బీటలు వారి, కప్పు సగం కూలిన ఇంటిని జాబితాలో ఏ గడిలో రాస్తారనేది ఆ రోజు వచ్చిన మనిషి చూపును బట్టి ఉంటుంది. అందుకే నీళ్లు తీసిన వెంటనే, శుభ్రం చేయకముందే ఫొటోలు, వీడియో తీయండి. గోడ మీద నీటి గుర్తు పడాలి, మీరూ పడాలి. నష్టం రాసే బృందం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. జాబితా సచివాలయంలోనో పంచాయతీలోనో పెట్టిన రోజే వెళ్లి చదివించుకోండి, అభ్యంతరం చెప్పే గడువు చిన్నది.

ఒక్కోసారి రాష్ట్రం తన సొమ్ము కలిపి ఎక్కువ ఇస్తుంది. బుడమేరు వరదప్పుడు విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25,000, పై అంతస్తుల వారికి 10,000 ఇచ్చారు. అది ఆ ఒక్క సందర్భానికి. మళ్లీ వరద వస్తే అంతే వస్తుందని లెక్కలేసుకోవద్దు.

డబ్బంతా ఇల్లు పడిపోయాకే ఇస్తారా? పడకముందు నిధులు లేవా?

ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం చెప్పాక విపత్తు సొమ్మును రెండుగా చీల్చారు: 80 శాతం స్పందనకు, 20 శాతం ముందు జాగ్రత్తకు. 2021 నుంచి 2026 వరకు రాష్ట్రాలన్నిటికీ కలిపి 1,60,153 కోట్లు. కరకట్ట బలోపేతం, కాలువ పూడికతీత, తీరం వెంట చెట్ల పెంపకం లాంటి పనులు ముందు జాగ్రత్త వాటాలోకి వస్తాయి. వ్యక్తికి వచ్చేది కాదు ఇది, ఊరికి వచ్చేది. గ్రామసభ తీర్మానం కావాలి. మన గ్రామసభల్లో పింఛన్ల గురించి గంట, సిమెంటు రోడ్డు గురించి అరగంట అవుతుంది. కాలువ పూడిక మాట ఎత్తేసరికి సభ అయిపోతుంది.

మా ఇల్లు సముద్రం కోసుకుపోయింది. తుఫాను కాదు, రోజూ కొంచెం కొంచెంగా. నష్టపరిహారం వస్తుందా?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. జాతీయ స్థాయిలో విపత్తులుగా గుర్తించిన జాబితాలో తుఫాను, వరద, భూకంపం, సునామీ, అగ్ని ప్రమాదం, వడగండ్లు, కొండచరియలు వగైరా ఉన్నాయి. తీరం కోత లేదు. తుఫాను రాత్రి పడితే విపత్తు, పదేళ్లలో పడితే కాదు. రాష్ట్రం తలచుకుంటే తన స్పందన నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. 15వ ఆర్థిక సంఘం మొదటిసారి కోత నివారణకు 1,500 కోట్లు, కోతలో ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు దేశమంతటికీ కలిపి విడిగా పెట్టింది. ఈ సొమ్ము జిల్లా యంత్రాంగం, రాష్ట్ర విపత్తు సంస్థ ప్రతిపాదన పంపితేనే వస్తుంది. కాబట్టి ఒక్కో ఇంటి అర్జీ కాకుండా, పోయిన ఇళ్లన్నిటి జాబితా పాత ఇంటి పన్ను రసీదులతో కలిపి ఊరంతా ఒకే అర్జీగా కలెక్టరుకు ఇవ్వండి.

తీరానికి దగ్గర్లో ఉన్న పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకోవచ్చా?

ఉన్న ఇంటిని ఉన్న పునాది కొలతలోనే బాగుచేసుకోవడానికి, తిరిగి కట్టుకోవడానికి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు ఒప్పుకుంటాయి. కొత్త జాగాలో కొత్త ఇల్లంటే 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లెల్లో పోటు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల లోపు కుదరదు. జనసాంద్రత బాగా ఎక్కువున్న చోట 50 మీటర్లు.

మా ఊళ్లో తుఫాను షెల్టరు ఉంది, ఎప్పుడూ తాళమే. ఏం చేయాలి?

తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ఆ మనిషి ఊళ్లోనే ఉంటాడా? రాత్రి రెండింటికి తలుపు తీయగలడా? ఊరి భద్రత గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

దివిసీమ తర్వాత ఆంధ్ర తీరంలో షెల్టర్లు కట్టడం ఊపందుకుంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన జాతీయ తుఫాను ముప్పు నివారణ ప్రాజెక్టు మొదటి దశలో ఆంధ్ర, ఒడిశా ఉన్నాయి. దాని కింద షెల్టర్లు, వాటికి చేరే రోడ్లు, వంతెనలు కట్టారు. హుద్‌హుద్ తర్వాత 25 కోట్ల డాలర్ల అప్పుతో ఇంకో ప్రాజెక్టు నడిచింది. 1977లో వేలల్లో పోయిన ప్రాణాలు హుద్‌హుద్ నాటికి పదుల్లోకి తగ్గడానికి ముందస్తు హెచ్చరిక, ఈ షెల్టర్లు, జనాన్ని ముందే తరలించడం కారణాలు.

వాటిని బహుళ ప్రయోజన భవనాలు అన్నది ఊరికే కాదు. రోజూ వాడని కట్టడం పాడవుతుంది. అంగన్‌వాడీ, డ్వాక్రా మీటింగులు, పెళ్లిళ్లు అక్కడ పెట్టుకోండి. చేతిపంపు, మరుగుదొడ్లు పనిచేస్తున్నాయో లేదో ఏటా సెప్టెంబరులో ఒకసారి చూడండి. ఆడవాళ్లు షెల్టరుకు రామనడానికి మరుగుదొడ్డి లేకపోవడం పెద్ద కారణం. రెండోది పశువులు. గేదెను వదిలి రామంటారు, ఆ మాట తప్పనలేం. దానికీ ఎత్తైన మెరక ఒకటి ముందే చూసిపెట్టుకోవాలి. ఆపదమిత్ర (విపత్తులో సాయపడే వాలంటీర్ల పథకం) శిక్షణ పొందిన కుర్రాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల ఫోన్లు గోడ మీద రాయించండి. జిల్లా కంట్రోల్ రూం 1077, రాష్ట్రానిది 1070.

ఇంటికి బీమా చేయించవచ్చా?

చేయించండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ అమ్మాలి. అగ్ని ప్రమాదం, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులోనే ఉంటాయి. పేదిళ్లకు దీని గురించి చెప్పేవాళ్లు లేరు, ఏజెంట్లకు కమీషను చిన్నది కాబట్టి కావచ్చు. బ్యాంకులో ఇంటి అప్పు ఉంటే అడిగి చూడండి.

కట్టుకున్న ఇల్లు అమ్మవచ్చా?

ప్రభుత్వం ఇచ్చిన స్థలమైతే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం వెంటనే అమ్మడం కుదరదు. నోటరీ కాగితం మీద అమ్మితే కొన్నవాడూ, అమ్మినవాడూ ఇద్దరూ చిక్కులో పడతారు.

బిల్లు పెట్టడానికి డబ్బు అడుగుతున్నారు.

ఇవ్వకండి అని రాయడం తేలిక, ఇంటి ముందు సిమెంటు బస్తాలు గడ్డకడుతుంటే ఆ మాట వినడం కష్టమని మాకు తెలుసు. ముందు చేయగలిగింది: మీ దశ ఫొటో ఏ తేదీన తీశారు, ఎవరి దగ్గర ఆగింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు జవాబు కంటే ముందు బిల్లే వస్తుంది. ఆంధ్రలో సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. నేరుగా లంచమే అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఉంది, తెలంగాణలో 1064.

స్లాబ్ ముందు ఆగిపోయాం, వానాకాలం దగ్గర పడింది. ఇప్పుడేం చేయాలి?

గోడల మీద రెండు వరసలు తాత్కాలిక రేకులు వేయాలని చూడకండి, మొదటి గాలికి అవి పక్కింటి మీద పడతాయి. బయటికి ఉన్న చువ్వలకు చిక్కటి సిమెంటు పాలు రెండు పూతలు పట్టించండి. గోడ పైభాగాన్ని సన్నటి సిమెంటు మాలుతో మూసేయండి, నీళ్లు ఇటుకల్లోకి దిగకుండా. సెంట్రింగు పలకలు అద్దెవైతే తిరిగి ఇచ్చేయండి, రోజు కిరాయి మిమ్మల్ని తినేస్తుంది. మిగిలిన సిమెంటు బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టి, కప్పి ఉంచండి. ఎంత కప్పినా మూడు నెలలు దాటిన సిమెంటును స్లాబ్‌కు వాడొద్దు, గచ్చుకు వాడుకోండి. ఇవన్నీ అయ్యాక, గోడల దశ బిల్లు పడిందో లేదో ఖాతా చూసుకుని, పడకపోతే వచ్చే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. ఆధార్, మంజూరు పత్రం, ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో, మూడూ జిరాక్సు తీసి పట్టుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరడిగినా అక్కడ వదిలి రావద్దు.